ఏడు గ్రహాల కాపలా

మూడేళ్ళ పాటు మా బిడ్డ నాతో గ్రహాల గురించి మాట్లాడలేదు. ఇలా రాస్తే విచిత్రంగానే ఉంటుంది. కోరుట్ల పక్క పల్లెలో మక్క, పసుపు వేసుకునే మనిషికి, అతని కూతురికి గ్రహాలతో ఏం పని? కానీ మా ఇద్దరి మధ్య ఉన్న మాటంతా అదే. అది నా వల్లే పోయింది. ఎలా పోయిందో, దాన్ని మళ్ళీ వినాలని సిరిసిల్ల దాకా వెళ్ళి నేనేం చేశానో రాస్తున్నాను.

నేను పదకొండేళ్ళు గల్ఫ్‌లో ఉన్నాను. మా దగ్గర ఏ గల్ఫ్ దేశం పోయినా దుబాయి పోయిండనే అంటారు. ఒక పెద్ద గోదాం గేటు దగ్గర పగటి కాపలా నా పని. వచ్చిన లారీ నంబరు రాసుకోవడం, డ్రైవరు చేతిలో కాగితం చూడడం, గేటు ఎత్తడం, దించడం. శుక్రవారం సెలవు. ఆ సాయంత్రం ఇంటికి వీడియో కాల్ చేసేవాణ్ణి. తిన్నారా, వాన పడ్డదా, కరెంటు ఉన్నదా అని రెండు నిమిషాలు మాట్లాడేసరికి మాటలు అయిపోయేవి. రెండేళ్ళకోసారి ఇంటికొచ్చే తండ్రికీ, దినదినం పెరిగే పిల్లకూ మధ్య అంతకంటే ఏముంటాయి? ముగ్గురం తెర వంక చూస్తూ ఊరికే ఉండేవాళ్ళం.

బిడ్డ ఏడో తరగతిలో ఉండగా బళ్ళో గ్రహాల పాఠం అయిందట. ఆ శుక్రవారం ఫోన్ ఎత్తుతూనే అడిగింది.

"బాపూ, మనుషులు వేరే గ్రహాల మీద ఊర్లు కట్టుకున్నరనుకో. ఒకటి కాదు, ఏడు గ్రహాలు. గప్పుడు వాటిని కాపాడుకునుడు ఎట్ల?"

"ఎవలి నుంచి బిడ్డా?"

"ఎవలన్న గానీ. నువ్వు వాచ్‌మెన్‌వి గదా, నీకు తెల్వదా?"

నాకు తెలిసిందే చెప్పాను. చుట్టూ ఎత్తైన గోడ, ఒకటే గేటు, నాలుగు మూలల్లో కెమెరాలు.

ఆమె పడీపడీ నవ్వింది. "అమ్మా, ఇగో ఇను, బాపు ఆకాశంల గోడ కడ్తడట! గ్రహానికి మీద, కింద, పక్కల, అన్నీ గేట్లే బాపూ. ఏ గేటు కాడ కూసుంటవ్?"

వంటింట్లోంచి నా భార్య గొంతు వినిపించింది. "మీ బాపు కట్టిన దొడ్డి గోడ నిరుటి వానకే వంగింది. ఇంక ఆకాశంల ఏం కడ్తడు?"

ఆ రోజు ముప్పావు గంట మాట్లాడుకున్నాం. తర్వాతి శుక్రవారం కోసం వారమంతా ఆలోచించాను. గేటు దగ్గర కూర్చుని ఎండలో మెరిసే రేకుల కప్పుల్ని చూస్తూ ఏడు గ్రహాలకు కాపలా ఎలా పెట్టాలా అని లెక్కలు వేసుకునేవాణ్ణి. పక్క గేటు కాపలావాడు నాకు పెళ్ళాం మీద బెంగ పట్టిందనుకున్నాడు. నాకు పట్టిన బెంగ ఆ ఫోన్ మీద.

మా ఆటలో శత్రువు ఎవరో ఎప్పుడూ తేల్చలేదు. శత్రువుకు బాంబులు అక్కర్లేదని బిడ్డే కనిపెట్టింది. ఎక్కడో దూరం నుంచి ఒక పెద్ద బండరాయిని జోరుగా వదిలితే చాలు, ఊళ్ళకు ఊళ్ళు పోతాయి. ఆ రాయి దూరంగా ఉన్నప్పుడే చూస్తే కొంచెం తోసినా దారి తప్పి పక్క నుంచి పోతుంది. దగ్గరికి వచ్చాక ఎంత బలమున్నా ఆపలేం. కాబట్టి గ్రహాలకు దూరంగా చిన్నచిన్న చౌకీలు పెట్టి మనుషులను కూర్చోబెట్టాలంది. నేను ఒక చిక్కు చెప్పాను. కాపలావాడికి దొంగ వచ్చిన రోజు కష్టం కాదు, దొంగ రాని వెయ్యి రోజులు కష్టం. ఏమీ జరగక జరగక కన్ను మొద్దుబారుతుంది. చూస్తూనే ఉంటాం, కనిపించదు.

"మరి ఏం జెయ్యాలె?"

"చౌకీల ఒక్కన్ని కూసోపెట్టద్దు. ఇద్దరుండాలె. ఒకలతోని ఒకలు మాట్లాడుకుంట ఉంటే కన్ను తెరుసుకుని ఉంటది."

ఆ మాటకు నా బిడ్డ నన్ను మెచ్చుకుంది. మొత్తం కాపలా ఉద్యోగంలో నాకు దొరికిన మెప్పు అదొక్కటే.

ఇంకోసారి నేను ఒక ఎత్తు చెప్పాను. ఆరు గ్రహాల దీపాలు ఆర్పేసి ఒక్కదాన్ని వెలిగించి పెడితే, శత్రువు దాని మీదికే పోతాడు, మిగతా ఆరు దక్కుతాయి. "ఆ గ్రహం మీద ఉన్నోళ్ళను అడిగినవా బాపూ?" అంది బిడ్డ.

నా భార్య నాతో నేరుగా తక్కువ మాట్లాడేది. చెప్పేదంతా కూతురికి చెప్పినట్టు చెప్పేది. ఒకనాడు బియ్యం ఏరుతూ అంది, "ఆ పక్క గ్రహపోళ్ళతోని మంచిగుండుమని జెప్పు మీ బాపుకు. కూర వండినప్పుడు ఇంత గిన్నెల ఏసి పంపుమను. సగం కాపలా దాంట్లనే అయిపోతది." మేమిద్దరం నవ్వాం. మాది పెద్ద యుద్ధతంత్రం, ఆమెది గిన్నెడు కూర.

బిడ్డ తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు వానకాలంలో నా భార్యకు జ్వరం వచ్చింది. తర్వాత కళ్ళు పచ్చబడ్డాయి. బిడ్డ శుక్రవారం దాకా ఆగలేదు. మంగళవారం డ్యూటీలో ఉండగా ఫోన్ చేసింది. "బాపూ, అమ్మ లేస్తలేదు. నువ్వు రా." జగిత్యాల దవాఖానకు తీసుకుపొమ్మన్నాను, వచ్చే నెల వస్తానన్నాను. ఆ నెలాఖరుకు నన్ను సూపర్‌వైజర్‌ను చేస్తారన్న మాట నడుస్తోంది. ఆ సమయంలో సెలవు అడిగితే ఇంకొకరి పేరు రాసుకుంటారని భయపడ్డాను. జ్వరమే కదా అనుకున్నాను. నాలుగో రోజు ఆమె పోయింది. నేను దిగేసరికి అన్నీ అయిపోయాయి.

ఊళ్ళో అందరికీ, బిడ్డకు కూడా, సెలవు ఇవ్వలేదని చెప్పాను. నిజానికి నేను అడగనే లేదు. అడిగితే ఇచ్చేవాళ్ళు. వచ్చినవాళ్ళంతా ఆ కంపెనీని తిట్టి, నన్ను ఓదార్చి పోయారు. నేను తల వంచుకుని ఆ ఓదార్పు తీసుకున్నాను.

బిడ్డను కోరుట్లలో హాస్టల్ బళ్ళో చేర్చి, మిగిలిన ఏడు నెలల కాంట్రాక్టు కోసం మళ్ళీ వెళ్ళాను. ఆదివారాలు హాస్టల్ ఫోన్ నుంచి చేసేది. తల్లి గురించి ఒక్క మాట అనేది కాదు. గ్రహాల గురించే మాట్లాడేది. గొంతు చిన్నదైపోయింది కానీ ప్రశ్నలు అడిగేది. నన్ను క్షమించిందనుకున్నాను. ఆమెకు పట్టుకోవడానికి ఇంకేమీ మిగల్లేదని నాకు తోచలేదు.

కాంట్రాక్టు అయిపోయాక ఊరికి వచ్చి సేద్యంలో దిగాను. మా వైపు మక్క కంకి పాలు పోసుకునే వేళకు అడవిపందుల మందలు దిగుతాయి. దానికి అందరూ చేసేది ఒకటే. కట్టి విడిచిన పాత చీరలు చేను చుట్టూ గుంజలకు కడతారు. మనిషి మసిలినట్టు వాసన వస్తుంది, పంది దగ్గరికి రాదు. ఒక ఇంట్లో అన్ని చీరలు ఉండవు. ఇల్లిల్లూ తిరిగి, అక్కా ఒకటి, అత్తా ఒకటి అని అడిగి తెచ్చుకుంటారు. మా పల్లెల్లో అది సిగ్గుపడే పని కాదు.

నాకు సిగ్గనిపించింది. పదకొండేళ్ళు దుబాయిలో చేసి వచ్చి పాత చీరలు అడుక్కోవాలా అనుకున్నాను. సిరిసిల్ల పోయి మరమగ్గాల దగ్గర కొత్త గుడ్డ తానులు తెచ్చాను. తెల్లగా, నిటారుగా చేను చుట్టూ కట్టి, దూరం నుంచి చూసుకుని మురిశాను. మూడో రోజుకు పందులు వాటిని చీల్చుకుని లోపల పడి రెండు గుంటల మక్క నేలమట్టం చేశాయి.

పక్క చేను పెద్దమ్మ గట్టు మీద నిలబడి నవ్వింది. "కొడుకా, కొత్త బట్టకు మనిషి వాసన ఉంటదా? పందులకు పందిరి ఏసినవ్ రా! కట్టి ఇడిసినయి తే, పో."

ఆ మధ్యాహ్నం ఇంటికి వచ్చి బీరువా తెరిచాను. నా భార్య చీరలు పద్నాలుగున్నాయి. మడతలు సరిగ్గా పెట్టి ఉన్నాయి. ఎవరు పెట్టారని నేను ఆలోచించలేదు. ఎవరూ కట్టుకోనివి, ఎవరినీ అడగనక్కర్లేనివి అనుకున్నాను. పద్నాలుగూ తీసుకుపోయి కట్టాను. పందులు రాలేదు. పంట దక్కింది. సాయంత్రాలు గట్టు మీద కూర్చుని ఆ చీరలు గాలికి ఊగుతుంటే, ఆమే చేను కాస్తోందని నాకు నేనే చెప్పుకుని కళ్ళు తుడుచుకునేవాణ్ణి. ఇప్పుడు తలచుకుంటే ఆ కన్నీళ్ళంటేనే నాకు ఎక్కువ సిగ్గు.

దసరా సెలవులకు పదో తరగతి చదివే బిడ్డ షేర్ ఆటోలో వచ్చింది. ఊరి కంటే ముందు మా చేను వస్తుంది. ఆటో ఆపించి దిగిపోయింది. నేను కలుపు తీస్తూ తలెత్తేసరికి గట్టు మీద నిలబడి ఉంది. బ్యాగు ఇంకా భుజానికే ఉంది.

"ఇవి ఎవరివి?" అంది.

"మీ అమ్మయే బిడ్డా. పందులు…"

"నాకు తెల్వదా అమ్మయని?"

ఒక్కొక్క గుంజ దగ్గరికి పోయి చూసింది. ఎండకు రంగులు పోయాయి. వానకు బురద చిందింది. ముళ్ళకు పట్టి అంచులు పీలికలయ్యాయి. ఒక ఆకుపచ్చ చీర కొంగును ముఖం దగ్గర పెట్టుకుని, మళ్ళీ వదిలేసింది.

"ఏం వాసన లేదు," అంది.

"ఊకో బిడ్డా. కొత్తయి కొంట."

"మక్కలు దక్కినయా?"

"దక్కినయి."

"మంచిగ కాపాడుకున్నవ్ బాపూ," అని నడిచి ఇంటికి వెళ్ళిపోయింది.

తర్వాత పెద్దమ్మ చెప్పింది. నేను దేశంలో లేని ఆ ఏడు నెలలూ బిడ్డ నెలకోసారి కోరుట్ల నుంచి వచ్చి, ఆమె దగ్గర తాళం తీసుకుని, ఇల్లు ఊడ్చి, బీరువా తలుపు తెరుచుకుని దాని ముందు కూర్చునేదట. చీరలు తీసి, మళ్ళీ మడిచి పెట్టేదట. "ఊర్లె నలుగురిని అడిగితే ఇయ్యకపోదుమా కొడుకా? నా పెట్టెల్నే పది పడున్నయి. ఆ పోరి పానమంత ఆ చీరలల్లనే ఉండె," అంది పెద్దమ్మ. దీపం వెలిగించి పెట్టిన ఒక్క గ్రహం మాట నాకు అప్పుడు గుర్తొచ్చింది. నేను మళ్ళీ అదే ఎత్తు వేశాను, మళ్ళీ అడగకుండానే.

ఆ సెలవుల నుంచి బిడ్డ నాతో మాట్లాడే పద్ధతి మారింది. కోపంగా ఒక్క మాట అనలేదు. తిన్నవా అంటే తిన్న. మంచిగున్నవా అంటే మంచిగున్న. ఇంటర్ చదివింది, సిరిసిల్లలో డిగ్రీలో చేరింది. సెలవులకు మేనమామ ఇంటికి పోయేది. నేను ఫోన్లో ఎన్నోసార్లు తప్పయిందన్నాను. ప్రతిసారీ దాని వెనక "పంట పోతుండె గదా" అని ఒక తోక తగిలించాను. ఆ తోక దగ్గరికి రాగానే ఆమె "సరే" అని ఫోన్ పెట్టేసేది.

నేను ఒంటరిగా గ్రహాల గురించి ఆలోచిస్తూనే ఉన్నాను. పసుపు తవ్వుతున్నప్పుడు, మోటారు దగ్గర నీళ్ళ కోసం కూర్చున్నప్పుడు అవే ఆలోచనలు. ఏడు గ్రహాలూ ప్రతి పనికీ ఒకే రాజధాని వైపు చూస్తూ కూర్చుంటే నిలబడవు. ఒక చోటి నుంచి ఇంకో చోటికి కబురు పోవడానికే గంటలు పడుతుంది, ఓడ పోవడానికి ఏళ్ళు. ప్రతి గ్రహానికీ తన గింజ తన దగ్గరుండాలి, తన వైద్యుడు తన దగ్గరుండాలి. ఏ గ్రహాన్నీ అడగకుండా ఖర్చు పెట్టకూడదు. అలా చేస్తే మిగిలిన ఆరూ తమ వంతు ఎప్పుడో అని ఒకదాన్నొకటి చూసి భయపడతాయి, ఇక బయటి శత్రువు అక్కర్లేదు. ఇవన్నీ ఆమెకు చెప్పాలనిపించేది. శుక్రవారం సాయంత్రమైతే చేతిలో ఫోన్ పట్టుకుని వాకిట్లో తిరిగేవాణ్ణి. ఆమె ఏమంటుందో, ఎక్కడ నవ్వుతుందో, ఏ చిక్కు తీస్తుందో ఊహించుకునేవాణ్ణి. చనిపోయిన మనిషి కోసం ఏడ్చినట్టు బతికి ఉన్న పిల్ల గొంతు కోసం ఏడవడం ఎవరికీ చెప్పుకునేది కాదు.

ఈ సంవత్సరం ఒక పొద్దున కోరుట్లలో బస్సెక్కి, వేములవాడలో మారి, సిరిసిల్లలో దిగాను. ఫోన్ చేస్తే రావద్దంటుందని చేయలేదు. హాస్టల్ గేటు దగ్గర కాపలా ఉన్న ఆమె రిజిస్టర్ ముందుకు తోసి, "ఆ పిల్లకు ఏమైతవ్?" అంది. తండ్రి అని రాశాను. నా చేతిరాత నాకే వంకరగా కనిపించింది.

బిడ్డ వచ్చింది. కొంచెం చిక్కింది. గోడ పక్కన సిమెంటు బల్ల మీద కూర్చున్నాం. రోడ్డవతల మరమగ్గాల చప్పుడు ఆగకుండా వస్తోంది.

"ఏమైంది? చెప్పకుంట అచ్చినవ్."

"ఏం కాలే. ఒక మాట చెప్పి పోదామని."

"ఫోన్ల చెప్పరాదా?"

"ఫోన్ల సక్కగ చెప్తలేను బిడ్డా. మీ అమ్మ చీరలు నిన్ను అడగకుంట తీసిన. ఊర్లె అడిగేటందుకు నామోషి అయి తీసిన. గంతే. పంటదేం లేదు దాంట్ల."

ఆమె నేల చూస్తోంది. అక్కడితో లేచి వచ్చేయొచ్చు. ఆమె ముఖం కాస్త మెత్తబడినట్టే ఉంది. కానీ దాని కింద ఉన్న పెద్ద అబద్ధాన్ని అలాగే ఉంచి ఈ చిన్న తప్పుకు క్షమాపణ తీసుకుంటే, మళ్ళీ దొంగ ఓదార్పే అవుతుంది.

"ఇంకోటి ఉన్నది. మీ అమ్మకు పానం బాగ లేనప్పుడు సెలవు ఇయ్యలేదన్న గదా. నేను అడగలే. అడిగితే ఇద్దురు. సూపర్‌వైజర్ చేస్తరని ఆగిన."

ఆమె నా వైపు తిరిగింది.

"చేసిన్రా?"

"ఏంది?"

"సూపర్‌వైజర్."

"లే."

ఆమె లేచి నిలబడింది. "నాలుగేండ్ల సంది లేనిది ఇప్పుడెందుకు చెప్తున్నవ్? నీ పానం తేలికయితదనా?"

"కావచ్చు బిడ్డా," అన్నాను. అబద్ధమాడలేకపోయాను.

"నీది తేలికయితది. నాది?" అంది. ఇంకేమీ అనకుండా లోపలికి వెళ్ళిపోయింది. నేను సాయంత్రం దాకా ఆ బల్ల మీదే కూర్చున్నాను. గేటు దగ్గరి ఆమె రెండుసార్లు నీళ్ళిచ్చింది. బిడ్డ మళ్ళీ బయటికి రాలేదు. ఆఖరి బస్సు కంటే ముందు బస్సుకు తిరిగి వచ్చాను.

ఆ తర్వాత "తిన్నవా" కూడా ఆగిపోయింది. నేను ఫోన్ చేయలేదు. ఒక నెల గడిచింది. ఉన్న ఆ ఒక్క మాటనూ నా నోటితో నేనే పోగొట్టుకున్నానా అని చేలో, ఇంట్లో, ఎక్కడున్నా అదే కొట్టుకునేది. అబద్ధం ఉంటే ఉండనీ, ఆమె గొంతు అయినా వినిపించేది కదా అని కొన్ని పూటలు అనుకున్నాను. ఆ మాట కూడా దాచకుండా రాస్తున్నాను.

మొన్న ఆదివారం పొద్దున మోటారు పెట్టి వచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే ఫోన్ మోగింది.

"బాపూ, ఒకటి అడుగుత."

"అడుగు."

"రెండు గ్రహాలున్నయి. ఒకదాని మీద ఆపద అచ్చింది. రెండోదానికి కబురు పోయింది, టైముకే పోయింది. ఓడ ఉన్నది. నడిపేటోళ్ళు ఉన్నరు. కాని పంపలే. ఆపదల సగం మంది పోయిన్రు. మిగిలినోళ్ళు ఇంక ఆ గ్రహాన్ని నమ్ముతరా?"

తడి కాళ్ళతో గడప మీద కూర్చున్నాను.

"నమ్మరు బిడ్డా."

"మరి ఇంకో ఆపద అస్తే?"

ఎంతో తెలివైన జవాబులు నా దగ్గర ఉన్నాయనుకున్నాను అన్నాళ్ళూ. ఒక్కటీ పనికి రాలేదు.

"ఆ ఓడను తీస్కపోయి వాళ్ళ కాడనే పెట్టాలె," అన్నాను. "నడిపే తాళాలు వాళ్ళ చేతికే ఇయ్యాలె. వాళ్ళు నమ్మినా, నమ్మకున్నా."

"నమ్మకుంటే ఇంక ఎందుకు పెట్టుడు?"

"ఆపద నమ్మకం చూసి రాదు గదా."

అవతల ఎవరో పిల్ల బకెట్టు ఖాళీ అయిందని అరుస్తోంది. బిడ్డ "అస్తున్న" అని ఆమెకు చెప్పి, నాతో, "బట్టలు పిండేదున్నది. పోతున్న," అంది.

"మంచిది బిడ్డా."

ఫోన్ పెట్టేసింది. నా జవాబు బాగుందో లేదో చెప్పలేదు. నేనూ అడగలేదు. కాళ్ళు ఆరేదాకా గడప మీదే ఉన్నాను.